నిన్న తప్పెవరిది?

ఆ నాటక సమాజంలో ఒక పద్ధతుంది. ప్రదర్శన అయిన మర్నాడు పొద్దున్నే అందరూ స్టేజీ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుని టీ తాగుతారు. గ్లాసులు ఖాళీ అయ్యాక పెద్దాయన గొంతు సవరించుకుని, "నిన్న తప్పెవరిది?" అని అడుగుతాడు. మాట మర్చిపోయినవాళ్లు, అడుగు తడబడినవాళ్లు, కత్తి ఒరలోంచి రాక పెనుగులాడినవాళ్లు తమంతట తామే లేవాలి. లేచి చీపురు పట్టుకుని స్టేజీ అంతా ఊడ్వాలి. అంతే శిక్ష. ఊడ్చేశాక ఆ తప్పు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఎవరూ లేవకపోతే మాత్రం, తప్పెవరిదో ప్రాంప్టరమ్మ చెబుతుంది. ఆవిడ మాటకి తిరుగులేదు.

పెద్దాయన్ని అందరూ రాజుగారంటారు. అది ఆయన పేరూ కాదు, ఇంటిపేరూ కాదు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ రాజు వేషం తప్ప ఇంకో వేషం కట్టలేదు గనక ఆ పిలుపు అతుక్కుపోయింది. పాలు పోసేవాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా రాజుగారూ అనే పిలుస్తారు. ఆయన కూడా కాస్త గడ్డం పైకెత్తి ఊ అంటాడు. సమాజం ఆయనదే, చీపురు పద్ధతీ ఆయన పెట్టిందే. ఆ చీపురు మాత్రం ఒక్కసారైనా ఆయన చేతికి రాలేదు. వచ్చే అవసరం పడలేదు మరి, ఆయన మాట తప్పితే కదా.

ప్రాంప్టరమ్మ ఆయన భార్య. స్టేజీకి ఎడమపక్క తెర చాటున చిన్న పీట మీద కూర్చుని, మాట మర్చిపోయినవాళ్లకి మొదటి ముక్క అందిస్తుంది. ముందు వరసలో వాళ్లకి వినబడకుండా, స్టేజీ మీద ఉన్నవాళ్లకి మాత్రమే వినబడేలా అందించడం ఆవిడకే చేతనవును. మర్చిపోబోయేవాడు ముందుగా ఒక గుటక మింగుతాడు. ఆవిడ కళ్లెప్పుడూ వాళ్ల గొంతుల మీదే ఉంటాయి. ఒక్క రాజుగారికి మాత్రం అందించదు. పెళ్లయిన కొత్తల్లో ఒకసారి అందించబోతే, ఆయన తెర వెనక్కొచ్చి, రాజుకి ఎవరూ మాట అందించరు, ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు అన్నాడు. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, మురిసిపోయింది. నలుగురు ఆడవాళ్లు కలిసినచోట 'మా ఆయనకి ప్రాంప్టింగే అక్కర్లేదు' అని చెప్పుకోవడం ఆవిడకి మెళ్లో కొత్త నగ వేసుకున్నంత సంబరం.

ఈసారి వేస్తున్నది గర్వం నెత్తికెక్కి చెడిన ఒక రాజు కథ. పొరుగు ఊరివాళ్లు తనని ధిక్కరించారని, వచ్చి కాళ్ల మీద పడేదాకా వాళ్లకి కోట తలుపు తెరవనని ఒట్టు పెట్టుకుంటాడు. ఇంతలో ఏరు పొంగుతుంది. తలుపు బయట జనం, ఆ జనంలో వాళ్లని తీసుకురావడానికి వెళ్లిన ఆ రాజు ఒక్కగానొక్క కొడుకు. దూత పరిగెత్తుకొస్తాడు. నీళ్లెక్కడిదాకా వచ్చాయని రాజు అడిగితే, కోట మెట్ల దాకా అంటాడు. బయట ఎవరున్నారంటే, ప్రజలంటాడు. ఇంకెవరున్నారంటే, మీ కొడుకంటాడు. అది విని కూడా రాజు 'తలుపు తెరవొద్దు' అంటాడు. నాటకం ప్రాణమంతా అక్కడే ఉంది.

బుధవారం ప్రదర్శనలో రాజుగారు నీళ్లెక్కడిదాకా వచ్చాయని అడిగాడు. దూత చెప్పాడు. రాజుగారి గడ్డం మెల్లగా పైకి లేచింది. ఆయన గుటక మింగడు, గడ్డం ఎత్తుతాడు. ఆ సంగతి లోకంలో ప్రాంప్టరమ్మ ఒక్కదానికే తెలుసు, అదీ ఈ మధ్యే తెలిసింది. 'బయట ఎవరున్నారు' అన్న మాట ఆవిడ నాలుక చివరదాకా వచ్చింది. పెదవులు బిగించి ఆపుకుంది. ఆయన తిన్నగా 'తలుపు తెరవొద్దు' అనేశాడు. మధ్యలో రెండు ప్రశ్నలు గల్లంతయ్యాయి. వాటి కోసం ఎదురుచూస్తున్న దూత నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు. డప్పు మోగింది, తెర పడింది.

తర్వాతి రంగంలో చెక్క మీద శవాన్ని మోసుకొచ్చారు. రాజుగారు దాని మీద పడి భోరున ఏడుస్తుంటే, వెనక బెంచీల్లోంచి ఎవరో నిజంగానే తెలియక, "ఇంతకీ పోయినాయన ఎవరండీ?" అని పక్కవాణ్ణి అడిగారు. హాలంతా గొల్లుమంది. అనకూడదు గానీ, చచ్చి పడుకున్న కొడుకు పొట్ట కూడా కదిలింది. ప్రాంప్టరమ్మకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు టీ గ్లాసులు ఖాళీ అయ్యాయి. నిన్న తప్పెవరిదని రాజుగారు అడిగాడు. ఎవరూ లేవలేదు. అందరూ ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. దూత నోరు తెరుచుకుని నిలబడిపోతే తనేం చేస్తాడని, కథ ముందుకి నడపాలి కదా అని రాజుగారే అన్నాడు. దూత తెల్లబోయి, "నేనా గురువుగారూ?" అన్నాడు. నలభై దాటిన మనిషి. పగలు ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగు చేసుకుంటాడు, సాయంత్రం ఇక్కడికొస్తాడు. వేషం చిన్నదైనా ఒక్క రిహార్సలు మానడు. అతను ప్రాంప్టరమ్మ వైపు తిరిగాడు. ఆయనా తిరిగాడు. మొగుడు చూసిన ఆ చూపు ఏమడుగుతోందో తనకి తెలుసుననే ఆవిడ అనుకుంది. చేతిలో గ్లాసు అడుగున మిగిలిన టీ చుక్కని చూస్తూ, "దూతదే," అంది.

అతను మారుమాట లేకుండా లేచి చీపురు తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని అత్తగారు హాల్లోకొచ్చింది. అల్లుడి నాటకాల పిచ్చి గురించి ఏళ్ల తరబడి సణిగిన ఆ పెద్దావిడ, నిన్న మొదటిసారి నాటకం చూడ్డానికొచ్చింది. ఇవాళ అతను ఇంట్లో మర్చిపోయిన షాపు తాళాలు పట్టుకొచ్చింది. ఇంట్లో చీపురెక్కడుంటుందో తెలియని అల్లుడుగారు ఇక్కడ బాగానే ఊడుస్తున్నారే అని, తాళాలు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుని, అతను ఊడ్చేదాకా చూసింది. దూత చెవులు ఎర్రబడ్డాయి గానీ, మూలలు కూడా వదలకుండా ఊడ్చాడు.

పద్ధతి ప్రకారం సంగతి అక్కడితో అయిపోవాలి. కానీ నవ్వులపాలైన రోషం రాజుగారికి చల్లారలేదు. ఆదివారం మళ్లీ ప్రదర్శనుంది, ఆ రోజు దూత వేషం ద్వారపాలకుడు కడతాడు, నువ్వు బల్లెం పట్టుకుని నిలబడు చాలు అన్నాడు. తను పెట్టిన పద్ధతిని తనే తొక్కేశాడని అందరికీ తెలుసు. ఎవరూ కిక్కురుమనలేదు. ప్రాంప్టరమ్మ గ్లాసులు పోగేసి కడగడానికి తీసుకుపోయింది.

*

మర్నాడు ఆవిడ ఇంట్లో బల్లమీది ఫ్యాను చంకలో పెట్టుకుని దూత షాపుకి వెళ్లింది. నిజం చెప్పేద్దామనే వెళ్లింది. ఉత్త చేతులతో వెళ్తే ఎందుకొచ్చావంటాడని ఆ ఫ్యాను.

షాపంటే ఇరుకు గది. గోడకి రాగితీగ చుట్టలు, మూల వార్నిషు డబ్బా. అతను చెక్క అచ్చు మీద తీగ చుడుతున్నాడు. ఎడమచేతి వేళ్ల మధ్య తీగ జారుతోంది, కుడిచేత్తో పిడి తిప్పుతున్నాడు, పెదవులు చుట్లు లెక్కపెట్టుకుంటున్నాయి. ఆవిణ్ణి చూడగానే గబుక్కున లేవబోయి, లెక్క పోతుందని మళ్లీ కూర్చుని, కళ్లతోనే స్టూలు చూపించాడు. చుట్టడం అయ్యాక ఆ తీగ చుట్టని నూలుదారంతో నాలుగువైపులా బిగించి పక్కన పెట్టి, ఫ్యాను అందుకున్నాడు. మూత తీసి చూశాడు, ప్లగ్గు పెట్టి తిప్పాడు. శుభ్రంగా తిరిగింది.

"అక్కా, దీనికేమీ రోగం లేదు," అన్నాడు నవ్వుతూ.

అప్పుడప్పుడూ చప్పుడొస్తోందని ఆవిడ నసిగింది. అతను కాదనకుండా బేరింగులో ఒక చుక్క నూనె వేశాడు. వేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, చాలాసేపు అవే వేళ్లు తుడిచాడు.

"అక్కా, ఏమనుకోకండి. ఆ రోజు ఆయన 'బయట ఎవరున్నారు' అని అడిగినట్టు నాకు వినబళ్లేదు. ఒట్టు. మీరు చెప్పారంటే అడిగే ఉంటారు. నాకే వినబడలేదంటే చెవులకేమైనా వచ్చిందేమో. పొద్దస్తమానం మోటార్ల హోరులో ఉంటాను కదా."

టిఫిను తెచ్చి వెనక గదిలో కూర్చున్న అత్తగారు అందుకుంది. నిన్నట్నుంచీ ఇంట్లో రేడియో ఒకసారి పెంచి ఒకసారి తగ్గించి వినబడుతోందా అని అందర్నీ చంపుతున్నాడని, సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నామని చెప్పింది. గొంతులో నిన్నటి వెటకారం లేదు. భయపడుతున్నట్టే ఉంది.

ప్రాంప్టరమ్మ ఫ్యాను వైరు వేళ్లకి చుట్టుకుంది. ఇతను తనని దొంగ అన్నా బాగుండేది, కోపంగా మొహం తిప్పుకున్నా బాగుండేది. తన చెవుల్ని తనే నమ్మడం మానేసి, ఆవిడ మాటని నమ్మాడు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని తెలుసు. నోరు తెరిచింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో కళ్లముందు కనబడింది. ఇతనికి తెలుస్తుంది, అత్తగారికి తెలుస్తుంది, సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది, రాజుగారికి మాటలు గుర్తుండటం లేదట అని. ఆవిడ ఫ్యాను చంకలో పెట్టుకుని, డాక్టరు దగ్గరికి ఇప్పుడే తొందరేముంది, జలుబేమో, చూద్దాంలే అని నసుగుతూ తేలుకుట్టిన దొంగలా బయటపడింది.

*

ఇంట్లో రాజుగారు వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటూ ఆ రంగమే వల్లిస్తున్నాడు. ఆయన గొంతూ, దూత గొంతూ రెండూ ఆయనే. ఆవిడ వంటగదిలో గిన్నె తోముతూ చెవి అటే పెట్టింది. నీళ్లెక్కడిదాకా వచ్చాయి, కోట మెట్ల దాకా, తలుపు తెరవొద్దు. కాసేపాగి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే గెంతాడు. మెదడులో ఆ రెండు ప్రశ్నలూ ఎవరో చెరిపేసినట్టే పోయాయి. ఏదో ఒకటి లోటుగా ఉందని ఆయనకీ తోచినట్టుంది, రేజరు గాల్లో ఆపి గడ్డం ఎత్తి అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. 'బయట ఎవరున్నారు' అని ఒక్క మాట ఇక్కణ్ణుంచి అంటే పోయేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తోమిన గిన్నెనే ఆవిడ మళ్లీ తోమింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ, పాపం ఆ దూతని తీసెయ్యకండి, ఇన్నేళ్లు చేసినవాడు అని మాత్రం అడగగలిగింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత త్వరగా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు.

"సరే పో. రాజుగారు క్షమించారని చెప్పు," అన్నాడు.

ఆ కబురు ఆవిడే మోసుకెళ్లాల్సొచ్చింది. క్షమించమని అడగాల్సిన మనిషి వెళ్లి, నిన్ను క్షమించాంలే అని చెప్పిందన్నమాట. దూత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మీ రుణం ఎలా తీర్చుకోనక్కా అన్నాడు. ఆవిడ ఆ చేతుల వైపు చూడకుండా వెనుదిరిగింది. ఇంటికొస్తూ దారిలో సందు మలుపులో ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. మొగుడి పరువు కోసం అబద్ధమాడానని నిన్నట్నుంచీ తనకి తను చెప్పుకుంటోంది. అది కూడా అబద్ధమే. ప్రాంప్టింగు అక్కర్లేని మనిషి పెళ్లాం అనే ఆ నగ తన మెళ్లోంచి జారిపోతుందని ఆడింది. ఆయన గర్వం సంగతి దేవుడెరుగు, తన గర్వం ఎంత పెరిగిందో ఇంతకాలం చూసుకోనేలేదు. నలుగురూ నడిచే దారిలో నిలబడి ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

*

ఆదివారం హాలు కిటకిటలాడింది. నవ్వుల సంగతి విని, మళ్లీ నవ్వొచ్చునని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. దూత అత్తగారు ముందు వరసలోనే కూర్చుంది. ఈసారి అల్లుడికి వినబడని చోట తనే విని సైగ చేద్దామని కాబోలు, కుర్చీ అంచుకి జరిగి మెడ చాచింది.

ఆ రంగం వచ్చింది. దూత పరిగెత్తుకొచ్చి మోకాళ్ల మీద వాలాడు. రాజుగారి పెదవులనే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు, చెవుల్ని నమ్మక కళ్లతో విందామని. నీళ్లెక్కడిదాకా వచ్చాయి? కోట మెట్ల దాకా, మహారాజా. రాజుగారి గడ్డం పైకి లేచింది.

ప్రాంప్టరమ్మ పీట మీంచి లేచింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు.

"బయట ఎవరున్నారు?" అని అందించింది.

ఆయనకి వినబడింది. ఆ భుజం కదలడం ఆవిడ చూసింది. అయినా అందుకోలేదు. ఆవిడ మళ్లీ అంది, ఈసారి గొంతు పెరిగి ముందు వరసకి కూడా వినబడింది. రాజుగారు తెర వైపు తల తిప్పి, సొంత ఇంట్లో ద్రోహం జరిగినట్టు ఒక్క చూపు చూసి, మళ్లీ అటు తిరిగి, "తలుపు తెరవొద్దు," అన్నాడు.

దూత కూడా తెర వైపు చూశాడు. మాట అందింది తనకి కాదు, ఆయనకి. ప్రాంప్టరమ్మ కళ్లు తప్పించుకోలేకపోయింది. అతని మొహంలో ముందు అర్థం కాకపోవడం, తర్వాత అర్థమవడం, ఆ తర్వాత ఏదో ముడుచుకుపోవడం, మూడూ ఆవిడ చూడాల్సొచ్చింది. డప్పు వాయించేవాడు కర్ర ఎత్తాడు. దూత ఇప్పుడు వంగి దణ్ణం పెట్టి వెనక్కి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. మోకాళ్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"మహారాజా, మీరు అడగలేదు. అడక్కపోయినా చెప్పడం నా పని. తలుపు బయట మీ కొడుకున్నాడు."

నాటకంలో లేని మాట అది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. రాజుగారు ఇప్పుడు ఇంకోసారి తలుపు తెరవొద్దనాలి. అనలేదు. దూతనే చూస్తూ నిలబడ్డాడు. ఎత్తిన గడ్డం కొంచెం కొంచెంగా దిగింది. చివరికి ఆయన ఆ మాట అన్నాడు గానీ, పక్కనున్న మనిషితో చెప్పుకున్నట్టు అన్నాడు. తెర పడింది. శవాన్ని మోసుకొచ్చినప్పుడు ఈసారి ఎవరూ నవ్వలేదు, దూత అత్తగారు ముక్కు చీదుకుంది. ఎంత బాగా చేశారండీ అని చూసినవాళ్లంతా రాజుగారి చేతులు పట్టుకున్నారు. ఆయన ఎవరికీ ఊ అనలేదు. ఇంటికి ఆయన ముందు, ఆవిడ వెనక నడిచారు.

*

పొద్దున్న స్టేజీ అంచున అందరూ కూర్చున్నారు. టీ అయిపోయింది. ఖాళీ గ్లాసులు పక్కన పెట్టుకుని రాజుగారు గొంతు సవరించుకుంటాడని చూశారు. ఆయన సవరించుకోలేదు. ప్రాంప్టరమ్మ లేచి, మూలకి వెళ్లి, చీపురు తెచ్చుకుని వాళ్ల ముందు నిలబడింది.

"నిన్నటి తప్పు సంగతి తర్వాత. బుధవారం తప్పింది దూత కాదు. మా ఆయనే మాట దాటేశారు. నాకు తెలిసే దూతదని చెప్పాను. అబద్ధం నాది."

దూత గ్లాసు లోపలికి చూశాడు.

"అయితే నా చెవులు బాగానే ఉన్నట్టే కదక్కా," అన్నాడు.

నవ్వించడానికి అన్నాడో, నిలదీయడానికి అన్నాడో తెలియదు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ తల ఊపింది. క్షమించమనడానికి మాట రాలేదు, అందించేవాళ్లూ లేరు. వంగి ఊడవబోతుంటే రాజుగారు కూర్చున్నచోట నుంచే మాట్లాడాడు.

"తప్పు నాదని నాకు ఆ రాత్రే తెలుసు. జనం నవ్వారు చూడు, అప్పుడే తెలిసింది."

ఆవిడ చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"పొద్దున్న నీ వైపు చూశాను. చెబుతావని భయపడ్డాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను. నువ్వు దూతదన్నావు, నేను బతికాననుకున్నాను." ఆయన దూత వైపు చూడబోయి, చూడలేక, చేతులు చూసుకున్నాడు. "నువ్వు చెప్పుంటే ఒప్పుకునేవాడినని ఇప్పుడు కబుర్లు చెప్పను. నీ మీద అరిచేవాణ్ణి. అయినా చెప్పాల్సింది."

మాట అందించొద్దన్నది మీరే కదా అని ఆవిడ అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అందించొద్దన్నందుకు ఇన్నేళ్లూ మురిసిపోయింది ఎవరు?

రాజుగారు మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచాడు. వచ్చి చీపురు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు, ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆవిడే వదిలింది. ఆయన దాన్ని రాజదండం పట్టుకున్నట్టు నిలువుగా పట్టుకుని, అంత పెద్ద స్టేజీని అటూ ఇటూ చూశాడు. ఊడ్చిన మనిషి కాదు. ఎటూ తోచలేదు. అలవాటు కొద్దీ గడ్డం పైకి లేవబోయింది. లేవలేదు. భార్య వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

ఇన్నేళ్లలో ఆయన ఆవిణ్ణి ఒక మాట అందించమని అడగడం అదే మొదటిసారి. వెనక తెర దగ్గర్నుంచి ముందుకి రండి అంది ఆవిడ, ముందు వరసకి వినబడకుండా, ఆయనకి మాత్రమే వినబడేలా.

ఆయన వెనక తెర దగ్గరికి వెళ్లి నడుం వంచాడు. దుమ్మంతా తన కాళ్ల మీదికే లాక్కుంటున్నాడు. దూత లేవబోయి, ఏమనుకున్నాడో మళ్లీ కూర్చున్నాడు, కానీ మొహం పక్కకి తిప్పుకోలేదు. ప్రాంప్టరమ్మ స్టేజీ అంచు వెంబడే ఆయనతోపాటు నడిచింది. మధ్యదాకా వచ్చాక, ఎడమవైపు వదిలేశారండీ అని మెల్లగా అంది.

ఆయన ఎడమవైపు తిరిగాడు.